సోంబరు విన్న అల

పొద్దున్నే భౌతికశాస్త్రం గది తాళం తీసి, గడపకు రెండు వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకున్న తర్వాతే సోంబరు లోపల కాలు పెట్టేవాడు. చదువు చెప్పే గడపైనా గూడెం దేవుడు శంకుదేవుడి గడపైనా అతనికి ఒక్కటే. ఆ తర్వాత అద్దాల పెట్టె దించి, అందులో ఉన్న పద్నాలుగు కటకాలనూ ఒక్కొక్కటే నోటిముందుకు తెచ్చుకుని, నోటి ఆవిరి పట్టి, తన పాత పంచెలోంచి చింపిన మెత్తటి పీలికతో తుడిచేవాడు. సర్కారు పంపిన పసుపుపచ్చ గుడ్డ ఒకటుండేది గాని, అది గీతలు పెడుతోందని మొదటి నెలలోనే కనిపెట్టి, దాన్ని కిటికీ రెక్కలకు కేటాయించాడు. పెట్టె మూలల్లో వేయించిన బియ్యం పొట్లాలు ఉంచేవాడు. లోయలో వానాకాలమంటే అయిదు నెలలు. అద్దాలకు బూజు పట్టకుండా ఆ బియ్యం చెమ్మను పీల్చుకుంటుంది. అలా చెయ్యమని అతనికెవరూ చెప్పలేదు. ఇంట్లో విత్తనాల బుట్టలో భార్య కనక అలాగే పెడుతుంది. విత్తనాన్ని కాపాడేది అద్దాన్ని మాత్రం కాపాడదా అనుకున్నాడు, అంతే.

సోమవారం పుట్టాడు గనక సోంబరు. డుంబ్రిగుడ దాటి కాలిబాటన కోసెడు దూరం వెళ్తే వాళ్ళ గూడెం. మూడో తరగతి దాకా చదివాడు. కొండల్లోంచి ఇనపరాయి మోసే రైలుదారి వేస్తున్న రోజుల్లో సొరంగాల దగ్గర రాళ్ళెత్తాడు. అక్కడే పల్లం నుంచి వచ్చిన కూలీల మధ్య తెలుగు బాగా పట్టుబడింది. కొండ పేల్చే మందుగుండు చప్పుళ్ళకు ఎడమ చెవి మాత్రం మందగించింది. ఎవరైనా మాట్లాడితే కుడి చెవి తిప్పి, తల కొంచెం వంచి వింటాడు. చూసేవాళ్ళకది మహా వినయంగా కనిపించేది. వినయం కూడా ఉందనుకోండి.

లోయలో జూనియర్ కాలేజీ పెట్టిన ఏడాది అటెండరుగా చేరాడు. ఊడవడం, నీళ్ళు తేవడం, గంట కొట్టడం, ప్రయోగాల గది చూసుకోవడం అతని పని. గదిలో ఉన్న సామానుకంతటికీ తనే పేర్లు పెట్టుకున్నాడు. కుంభాకార కటకం 'పొట్టద్దం', పుటాకార కటకం 'గుంటద్దం'. పిల్లలకా పేర్లే నోటబడ్డాయి. ఒకసారి ప్రాక్టికల్ పరీక్షలో ఒక అమ్మాయి 'పొట్టద్దపు నాభ్యంతరం కనుగొనుట' అని రాసేసింది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఎగ్జామినరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడట. ఆ ముచ్చట కాలేజీలో ఏడాదిపాటు నడిచింది.

పుష్యమాసం చలికి పిల్లల వేళ్ళు కొంకర్లు పోయి స్క్రూగేజీ తిప్పలేకపోతుంటే, పగిలిన కుండలో నిప్పులు పోసి బల్లకింద పెట్టేవాడు. వానల్లో తడిసిన రికార్డు పుస్తకాలను పొయ్యిపైన దండెం కట్టి ఆరబెట్టేవాడు. ఇలాంటివి అతను చేసినట్టు ఎవరికీ గుర్తుండవు. అవి లేని రోజున మాత్రం తెలుస్తాయి.

సాలూరు నుంచి సత్యకుమారి అనే లెక్చరరు ఆ గదికి వచ్చింది. అప్పటికామెకు ఇరవై అయిదో ఇరవై ఆరో. వచ్చిన నెలకే మన్నెం జ్వరం తగిలితే, కనక గూడెం నుంచి నడిచొచ్చి మూడు రోజులు ఆమె వాకిట్లో కూర్చుని గంజి కాచింది. అప్పటినుంచి ఆమె అతన్ని 'సోంబరన్నా' అనేది. తీరిక ఉన్నప్పుడు సీసాల మీద అంటించిన చీటీలు చూపించి అక్షరాలు కూడబలికించేది. అతను క్లాసు జరుగుతున్నంతసేపూ వెనక బెంచీ దగ్గర నిలబడి కుడి చెవి అటు వేసి వినేవాడు. అర్థమయిందా అంటే, "సగం అయిపోనాదమ్మగోరూ. మిగిలిన సగం మీ దగ్గరే ఉండనీండి, పోదు" అనేవాడు.

సోంబరుకూ కనకకూ ముగ్గురు పిల్లలు పుడితే మిగిలింది నీలవేణి ఒక్కతే. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. బాగా పాడేది. ఆ ఏడు ఆషాఢంలో విశాఖ రేడియో వాళ్ళు జీపులో టేపు మిషను వేసుకొచ్చి, కొండపాటలు పట్టుకుంటామని బడిలో పిల్లలను నిలబెట్టారు. నీలవేణి ఊడ్పుల పాట పాడింది. చివరి చరణం అయ్యాక, ఎదురుగా పిచ్చుక వచ్చి మిషను మీద వాలిందని ఆపుకోలేక నవ్వేసింది. రేడియో ఆయన ఆ నవ్వు బాగుందని అలాగే ఉంచేశాడు.

భాద్రపదంలో పిల్లకు జ్వరం వచ్చింది. రెండోరోజుకు మనుషులను పోల్చుకోలేదు. బడి వార్డెనమ్మ జీపు మాట్లాడి కొండ దింపింది. కబురంది సోంబరు పరుగెత్తేసరికి జీపు వెళ్ళిపోయింది. ఆ వెనకే కుంభవృష్టి. ఘాటురోడ్డు రెండుచోట్ల జారిపోయి ఆరు రోజులు దారి లేదు. పిల్ల దారిలోనే పోయింది. పైకి తేవడానికి వీల్లేక, వార్డెనమ్మా జీపు డ్రైవరూ కలిసి కింద ఏటి ఒడ్డున మట్టిచేసి దండం పెట్టుకున్నారు. డ్రైవరు తన కొత్త తువ్వాలు ఆ పిల్లమీద కప్పాడట. దారి తెరిచాక ఒక కాగితమూ, ఒక లంగా మాత్రం గూడేనికి వచ్చాయి. కాగితం మీద ఏముందో పైకి చదివి వినిపించింది వార్డెనమ్మే. చదవలేక మధ్యలో ఆగిపోయింది.

పిల్ల మొహం కనకా చూడలేదు, సోంబరూ చూడలేదు. వెళ్ళేటప్పుడు తొడుక్కున్న ఎర్రజాకెట్టు తిరిగి రాలేదు.

ఆ గూడెంలో మనిషి పోయాక ఒక పని ఉంది. దిసారి, అంటే వాళ్ళ పూజారి, మంచిరోజు చూసి చెబుతాడు. ఆ రోజు తల్లో, తల్లి లేకపోతే అక్కచెల్లెళ్ళో, దారి మొదట్లో నిలబడి పోయిన మనిషిని పేరుపెట్టి మూడుసార్లు పిలవాలి. చేటలో దీపంతో, పోయిన మనిషి నీడను ఇంట్లోకి తీసుకువచ్చి పెద్దల మూలన కూర్చోబెట్టాలి. దాన్ని దినం అంటారు. అది అయ్యేదాకా ఇల్లు మైల. తల్లి పక్కింటి గడప తొక్కకూడదు, తలకు నూనె రాసుకోకూడదు, విత్తనం ముట్టుకోకూడదు. అందుకే పక్కింటి తవిటమ్మ రోజూ అంబలి కుండ తెచ్చి కంచెమీద పెట్టి, "మిగిలిపోనాది కనకా, పారబోయలేక తెచ్చినాను" అని చెప్పి వెళ్ళిపోయేది. ఆ ఇంట అంబలి మిగలడమన్నది ఎన్నడూ లేదు.

దినానికి రోజు చూస్తున్నారు. పిల్ల పోయిన పదకొండో నాటి సాయంత్రం, పంచాయితీ అరుగుమీది రేడియోలో ఊడ్పుల పాట వచ్చింది. పాడినది నీలవేణి అని పేరు కూడా చెప్పారు. గూడెం గూడెమంతా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. పాట అయింది. చివర్న ఆ నవ్వు. కనక కంచె అవతల నుంచే వింది. కేకవేసి ఏడ్చిందా అంటే లేదు. "ఎవుర్నో సూసి నవ్వతంది" అంది.

అది టేపులోని పాట అని సోంబరుకు తెలుసు. టేపు చుట్ట తిరగడం తను కళ్ళారా చూశాడు. భార్యకు చెప్పాడు కూడా. అప్పటికి ఆమె తల ఊపింది. అక్కడితో అయిపోయేదే. దిసారి బుధు మాఘంలో రోజు కూడా చూశాడు.

ఆ మాఘంలోనే ఒక మధ్యాహ్నం సత్యకుమారి రెండో సంవత్సరం పిల్లలకు ద్రవ్య తరంగాల పాఠం మొదలుపెట్టింది. సోంబరు నీళ్ళ బకెట్టుతో తలుపు దగ్గరికి వస్తున్నాడు.

"వెలుగొక్కటే అల అనుకోకండి. కదిలే ప్రతి వస్తువుకూ ఒక అల ఉంటుంది" అంటోంది ఆమె. "ఎలక్ట్రానుకు ఉంది. విసిరిన బంతికి ఉంది. అదిగో, బకెట్టు పట్టుకుని నడిచొస్తున్నాడే మన సోంబరన్న, ఆయనకీ ఉంది."

పిల్లలు గొల్లుమన్నారు. ముందు బెంచీ అమ్మాయి, "సోంబరు బాబుది పేద్ద అల మేడమ్! బకెట్టు బరువు కూడా ఉన్నాది కదా" అంది.

"తప్పు. బరువు పెరిగేకొద్దీ అల పొడవు తగ్గుతుంది. బకెట్టు దింపితే కాస్త పెరుగుతుంది."

"అయితే దింపీమంటారేటమ్మా?" అన్నాడు సోంబరు. మళ్ళీ నవ్వులు. తన పేరు పాఠంలోకి వచ్చినందుకు అతనికి సిగ్గూ సంబరమూ కలిగాయి. బకెట్టు దింపి, వెనక నిలబడి, చెవి అటు వేశాడు. కదిలేదానికి అల. కదలకపోతే చెప్పుకోవడానికి ఏమీ లేదు. అంతవరకూ విన్నాడు. ఇంతలో గడియారం మూడు చూపించింది. గంట కొట్టేది అతనే. వెళ్ళి గంట కొట్టి, ప్రిన్సిపాలు గారు పిలిస్తే ఆ పనిమీద పోయాడు. మరో పీరియడు అదే పాఠం సాగింది. రేడియో అలకూ వెలుగుకూ ఈ అలకూ తేడా ఏమిటో బోర్డు మధ్యన గీతగీసి, అటూ ఇటూ రాయించింది ఆమె. మర్నాడు పొద్దున్న ఆ బోర్డును శుభ్రంగా తుడిచింది సోంబరే.

ఇంటికి నడుస్తున్న దారంతా అతని బుర్రలో ఒకటే తిరిగింది. రేడియోలో వచ్చేది అల అని అందరూ అంటారు. అల ఉన్నది కదిలేదానికే అని అమ్మగారు అంది. మరి పిల్ల అల రేడియోలో వచ్చిందంటే? అది తప్పయి ఉంటుందని అతనికి ఒక పక్క తెలుసు. ఇంకో పక్కన తెలియాలని లేదు. పిల్ల పోయాక అయిదు నెలల్లో మొదటిసారి అతని కాళ్ళు తేలికగా పడ్డాయి. ఆ తేలికలోనే కనకకు చెప్పేశాడు.

"ఒలే, కదల్నిదానికి అల నేదంట. అల వొచ్చిందంటే కదుల్తన్నట్టేనంట. మా అమ్మగోరు పాటం సెప్పింది."

కనక విసురుతున్న తిరగలి ఆపి, అతని మొహంలోకి చూసింది. "పెద్ద సదువు సదివినామె, అబద్దం సెప్పదు" అంది.

మాఘంలో చూసిన రోజు దాటిపోయింది. కనక దారి మొదట్లో నిలబడనంది. దిసారి బుధు వచ్చి నచ్చజెప్పబోతే, "నడుస్తన్న పిల్లని నీడని సేసి పిలమంటావేటి దిసారీ? నాను పిలిస్తే ఆ పిల్ల ఎక్కడున్నా అక్కడ పడిపోద్ది. నా నోటితో నా గుంటని సంపుకోమంటావా?" అంది. ముసలాయన బిత్తరపోయాడు. ఆయన కాలంలో అలాంటి మాట అన్నవాళ్ళు లేరు.

అప్పటినుంచి కనక సంత రోజున ఘాటు మలుపు దగ్గర కూర్చునేది. కింద నుంచి వచ్చిన ప్రతి మనిషినీ, "ఎర్రజాకెట్టు గుంట కనిపించిందేటి? ఈ ఎత్తుంటాది" అని చెయ్యి పైకెత్తి అడిగేది. ఉప్పుచేపల వాళ్ళు, గాజుల వాళ్ళు మొదట్లో ఆగి జాలిపడేవారు. ఒక గాజులాయన ఊరికే వెళ్ళలేక డజను ఎర్రగాజులు చేతిలో పెట్టి, "వస్తే తొడుగమ్మా" అన్నాడు. దయతోనే ఇచ్చాడు పాపం. ఆ గాజులు చూసుకుని ఆమె మరీ గట్టిపడింది. తిండి తగ్గింది. జబ్బలు ఎండు పుల్లలయ్యాయి. ఫాల్గుణంలో పాట రేడియోలో రెండోసారి వచ్చింది. "ఇంకా నడుస్తంది" అంది కనక, అందరికీ వినిపించేలా.

చైత్రంలో ఇటుకల పండగ, అంటే విత్తనాల పండగ, దగ్గరపడింది. ఇంటింటి విత్తనం తెచ్చి దేవుడి దగ్గర కలిపి, ఆ కలిపిన దాన్ని పంచుకుని పొలంలో చల్లుతారు. మైల ఉన్న ఇంటి విత్తనం కలవకూడదు. ఒక్క ఇంటిది వదిలి కలపనూ కూడదు. బుధు సోంబరును పక్కకు పిలిచి, "మంగళవారం పండగ. ఆదివారం లోపల దినం జరగాల. నీ ఒక్కడి కోసం గూడెం విత్తనం ఆగిపోద్ది బాబూ. నానేటి సేసీది, నువ్వే సెప్పు" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది సోంబరుకు.

గురువారం మధ్యాహ్నం క్లాసులు లేవు. సత్యకుమారి బీరువాలో సామాను లెక్క సరిచూసుకుంటోంది. సోంబరు పెట్టెలోని అద్దాలు తుడుస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"అమ్మగోరూ, మనిసికి అల ఉంటాదని సెప్పేరు గదా. అది రేడియో పట్టుకుంటాదా?"

ఆమె నవ్వింది. "ఏమిటి సోంబరన్నా, నువ్వు పాడి విశాఖపట్నంలో వినిపిద్దామనా?"

అతను నవ్వలేదు. ఆమె తిరిగి చూసింది. అతని గుడ్డ ఒకే అద్దం మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. "నీలవేణి" అన్నాడు. తర్వాత ఒక్కొక్క మాటే చెప్పుకొచ్చాడు. కనక మలుపు దగ్గర కూర్చోవడం, దినం ఆగిపోవడం, తను దారిలో అనుకున్నది, ఇంటికెళ్ళి అన్నది.

ఆమె స్టూలుమీద కూలబడింది. తన నవ్వులాట మాట అంత దూరం నడిచిందని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. అబద్ధం చెప్పేయవచ్చునన్న ఆలోచన వచ్చిందేమో కూడా. కాని ఎదుటి మనిషి కుడి చెవి తిప్పి, తల వంచి, ఎదురు చూస్తున్నాడు.

"రెండూ ఒక జాతివి కావు సోంబరన్నా" అంది చివరికి. "రెండింటినీ అల అనే అంటాం గాని, పుట్టుక వేరు, నడక వేరు. రేడియోది విద్యుత్తూ అయస్కాంతమూ కలిసిన అల. విశాఖలో రేడియో వాళ్ళ స్తంభంలో విద్యుత్తు అటూ ఇటూ ఊగితే పుడుతుంది. పుట్టాక స్తంభాన్ని వదిలేస్తుంది. దానికి మోసే మనిషి అక్కర్లేదు, గాలి కూడా అక్కర్లేదు. ఏమీ లేని చోట సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎవరు పంపినా అదే వేగం. వెలుగూ ఆ జాతిదే. సూర్యుడి నుంచి ఇప్పుడు మనమీద పడుతున్నది ఎనిమిది నిమిషాల కింద బయల్దేరింది."

"అంటే, బయల్దేరీసినాక వొదిలీసినదాన్ని మరి అడగదు."

"అడగదు. దీపం ఆర్పేసినా, ముందు బయల్దేరిన వెలుగు ఆగదు."

"రెండోది?"

"రెండోది వస్తువుని వదలదు. వస్తువు కదులుతున్నంతసేపూ దానితోనే ఉంటుంది. ఊడి బయటికి రాదు, ఎక్కడికీ పంపడానికి లేదు. దాని వేగమూ పొడవూ ఆ వస్తువు బరువునుబట్టి, నడకనుబట్టి మారతాయి."

"నీడ లాగేటి?"

"నీడకన్నా దగ్గర. నీడని ఇంకొకరు చూస్తారు. దీన్ని ఎవరూ చూడలేరు."

"ఎలట్రానుది పట్టుకున్నారని సెప్పేరు."

"ఎలక్ట్రాను అంత తేలిక కాబట్టి పట్టుబడింది. స్ఫటికంలోంచి పంపితే అల లాగే విడిపోయి కనిపించింది. మనిషిది..." ఆమె సుద్దముక్క తీసి బోర్డుమీద సున్నా, చుక్క పెట్టి సున్నాలు రాయసాగింది. ముప్పై నాలుగు సున్నాలు రాసి, చివర ఒకటి వేసింది. బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చింది. "మీటరులో ఇంత. దీన్ని పట్టే మిషను లోకంలో లేదు. రేడియోకి దీని సంగతే తెలియదు."

సోంబరు సున్నాలన్నీ వేలితో గాలిలో లెక్కపెట్టాడు. మధ్యలో తప్పి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"అయితే పాట వొచ్చింది..."

"నీలవేణి గొంతు గాలిలో పుట్టిన అల. అది ఆషాఢంలో ఆ బడిలోనే సద్దుమణిగింది. టేపు దాని గుర్తు ఉంచుకుంది. ఆ గుర్తు ప్రకారం స్తంభం ఊగింది. రేడియోలో వచ్చింది స్తంభం అల."

"స్తంబానికి తెల్దు. గుంట ఉన్నాదో నేదో."

"తెలియదు సోంబరన్నా. ఉన్నా వస్తుంది, లేకపోయినా వస్తుంది."

బయట ఎవరో నీళ్ళు తోడుతున్న చప్పుడు. సోంబరు అద్దాన్ని పెట్టెలో పెట్టి, బియ్యం పొట్లం సర్ది, మూత వేశాడు.

"నేను నవ్వులాటకి అన్నాను ఆ రోజు. నీ పేరు తేకుండా ఉండాల్సింది" అంది సత్యకుమారి. "నన్ను..."

"మీరు తప్పు సెప్పనేదమ్మగోరూ" అన్నాడు అతను వెంటనే. "సగం పాటంలో నేనే గంట కొట్టడానికి ఎల్లిపోయాను. మిగిలిన సగం వినకుండా ఇంటికెల్లి సెప్పీసినాను." ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, గ్లాసు కడిగి మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. అంత బరువులోనూ ఎదుటివాళ్ళకు నీళ్ళిచ్చే బుద్ధి దేవుడు కొందరికే ఇస్తాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఏమని మొదలుపెట్టాలో దారిపొడుగునా ఆలోచించుకున్నాడు. స్తంభం మాట ముందు చెబుదామా, దీపం మాట ముందు చెబుదామా. వాకిట్లోకి వచ్చేసరికి కనక ఎదురొచ్చింది. తల దువ్వుకుంది. నూనె లేక వెంట్రుకలు గడ్డిలా నిలబడ్డాయి గాని, దువ్వుకుంది. చూరు కింద చిన్న మూట కట్టి ఉంది.

"బేగి రా మావా. కాళ్ళు కడుక్కో" అంది. ఆ గొంతులో హుషారు విని అతను ఉన్నచోటే ఆగిపోయాడు. "శృంగవరపుకోట కాడ నుంచి బెల్లం తెచ్చిన ఆడమనిసి సెప్పింది. అక్కడ ఇటికల బట్టీ కాడ ఎర్రజాకెట్టు గుంట ఒకర్తి ఉన్నాదంట. పాడతాదంట. నాను శనివారం కోడికూతకి కొండ దిగిపోతాను. దారిలో తినడానికి సోడిపిండి కట్టుకున్నాను. మూడు దినాలు నడిస్తే అందుకుంటాను గదా?"

"ఒలే కనకా..." అన్నాడు.

"ఏటి?"

అతను ఆమె చేతులు చూశాడు. మూట ముడి వేసిన ఆ వేళ్ళ మీద చర్మం తప్ప ఏమీ లేదు. ఆ మనిషి కొండ సగం దిగడం కూడా కల్ల. దిగితే ఎక్కడో ఒక మలుపులో కూర్చుని మళ్ళీ లేవదు.

"ఏటి మావా? సెప్పు."

"అమ్మగోరు... ఆ అల..."

"అవును, ఆయమ్మకి దండాలు సెప్పు. ఆయమ్మే గాని సెప్పకపోతే, ఈపాటికి గుంటని మూల కూకోబెట్టీసి ఉందుము." కనక అంబలి గిన్నె అతని చేతిలో పెట్టింది. తవిటమ్మ తెచ్చినదే. చాలా రోజుల తర్వాత తనూ రెండు గుక్కలు తాగింది. ఆమె తాగడం చూస్తూ అతను ఆ మాట మింగేశాడు. తాగనీ, ఈ పూటకి తాగనీ అనుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. సోంబరు కాలేజీకి వెళ్ళాడు గాని గది తాళం తీయలేదు. సత్యకుమారి వచ్చేసరికి మెట్లమీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చెప్పావా?" అంది ఆమె.

అతను తల అడ్డంగా ఊపాడు. మూట సంగతి, ఇటుకల బట్టీ సంగతి చెప్పాడు. రేపు కోడికూతకు బయల్దేరుతుందని చెప్పాడు. ఆదివారం తప్పితే గూడెంలో విత్తనం ఆగిపోతుందని చెప్పాడు.

"బలవంతాన ఆపలేవా సోంబరన్నా? దిసారి చేత, పెద్దల చేత..."

"ఆపొచ్చమ్మగోరూ. కట్టీసి ఆపొచ్చు. దారి మొగన నిలబెట్టి పిలిపించడం ఎలగ? అది తల్లి నోటితోనే రావాల. పిల్ల నేదని దానికి తెలిస్తే గాని రాదు. మొగుడు సెప్తే నమ్మదు. పొద్దున్న ఉందన్నోడు సాయంత్రం నేదంటే ఎవురు నమ్ముతారు? పెద్ద సదువు సదివినామె అబద్దం సెప్పదని, అదొక్కటే నమ్ముకోనుంది."

ఆమెకు అర్థమయింది. తనకు జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు వాకిట్లో కూర్చుని గంజి కాచిన మనిషి దగ్గరికి వెళ్ళి ఆ మాట అనాలి.

సోంబరు రెండు చేతులూ జోడించాడు. పదేళ్ళుగా ఎవరినీ ఏమీ అడగనివాడు. అడగడం అలవాటు లేక మాటలు తడబడ్డాయి.

"ఒక్కపాలి మా గూడేనికి రండమ్మగోరూ. ఇయ్యాలే రండి. నిన్న నాకు సెప్పినట్టుగా దానికి సెప్పండి, సున్నాలు ఒద్దు, దీపం మాట సాలు. నేను అక్కడ ఉండలేను, అడివిలోకి కట్టెలకి ఎల్లిపోతాను. సెప్పీసినాక మీరు బేగి లేసి వొచ్చీకండి, కూకోండి. అది కొంచెం సేపు మీ సెయ్యి పట్టుకోనుంటాది. పట్టుకోనీండి."